గింజ నుంచి పెంచిన ఖర్జూర చెట్టు ఎందుకు కాయడం లేదు?

ప్రశ్న: నేను గింజ నాటి ఎనిమిదేళ్లుగా పెంచుకుంటున్న ఖర్జూర చెట్టు రెండేళ్లుగా పూస్తున్నా ఒక్క గెల కూడా వేయలేదు. పూగుత్తిని తడితే తెల్లటి పొడి అరచేతి నిండా రాలుతోంది. నా పెంపకంలో లోపముందా?

జవాబు 1: లోపమేమీ లేదు. ఆ పొడి పుప్పొడి, మీది మగ చెట్టు. ఖర్జూరంలో ఆడ, మగ చెట్లు వేరువేరు కావడం వల్ల గింజ మొక్కల్లో దాదాపు సగం మగవే అవుతాయి. అందుకే సాగుదారులు తరతరాలుగా మంచి ఆడ చెట్టు మొదట్లో వచ్చే పిలకలనే నాటుతున్నారు.

జవాబు 2: దయచేసి దాన్ని కొట్టేయకండి. ఒక మగ చెట్టు పుప్పొడి సుమారు 50 ఆడ చెట్లకు సరిపోతుంది. ఇజ్రాయెల్‌లోని మసాదా కోటలో దొరికిన దాదాపు 2,000 ఏళ్ల నాటి గింజ 2005లో మొలకెత్తి మగ చెట్టే అయింది. అయినా దాని పుప్పొడితోనే మరో ప్రాచీన గింజకు పుట్టిన ఆడ చెట్టు 2020లో పండ్లనిచ్చింది.