ఈ వారం సమస్య: చీకటియె వచ్చి వెలిగించెఁ జిత్రసీమ

నిర్వాహకుడు: మిత్రులారా, పై పాదాన్ని చివరి పాదంగా పెట్టి పద్యం పూరించాలి. ఈసారి ఛందస్సు తేటగీతి. విషయం, 1940ల నుంచి 70ల దాకా అమెరికా తెర మీద మెరిసిన నల్లజాతి తారల అందచందాలు, కట్టూ సింగారం. పద్యంలో నిజంగా జరిగిన సంగతి ఒక్కటైనా ఉండాలి. ఊరికే "నల్లకలువ" అని పొగిడి తప్పుకోవద్దని మనవి.

పాతరీలు:

ఎఱ్ఱ పావడఁ గట్టిన యింతి డొరొతి
నల్లరవికెతో నడయాడ నటన మెఱసి
నాఁటి జనులెల్ల మెచ్చిరి నలుపుఁ గాంచి
చీకటియె వచ్చి వెలిగించెఁ జిత్రసీమ

1954 నాటి సినిమా కార్మెన్ జోన్స్‌లో డొరొతీ డాండ్రిడ్జ్ వేషం ఇది. ఆ ఏడు నవంబరు 1 లైఫ్ పత్రిక అట్ట మీద కూడా ఆమే. ఎరుపు, నలుపు, అంతే. ఒంటి మీద నగలు పెద్దగా లేకుండా ఒక మనిషి తెరను అంతలా ఎలా నింపిందా అని ఇప్పటికీ ఆశ్చర్యంగా ఉంటుంది నాకు.

కలువకొలను: గణాలూ (గురు లఘువుల గుంపులు), యతులూ (పాదం మొదటి అక్షరానికి నడుమ జతపడే అక్షరం) శుభ్రంగా ఉన్నాయండీ. ఎఱ్ఱ–యింతి యతి చక్కగా కుదిరింది. మూడో పాదమే నాకు మింగుడుపడలేదు. ఆమె ఒంటిరంగును చీకటి అంటున్నారు, అదీ మెచ్చుకోలుగా. పైగా అందరూ మెచ్చారన్నది నిజానికి దూరం. ఉత్తమ నటి ఆస్కారుకు నామినేషన్ అందుకున్న తొలి నల్లజాతి మహిళ ఆమె. ఆ తరువాత ఆమెకు తగిన నాయిక పాత్ర దొరకడమే గగనమైంది. 1965లో, 42 ఏళ్లకే పోయారు. అంత అన్యాయాన్ని దాచిపెట్టే పొగడ్త పద్యానికి బలం ఇవ్వదు.

తేనెపట్టు: నేను చీకటిని చీకటిగానే ఉంచాను. సినిమా హాల్లో దీపాలార్పితేగాని బొమ్మ పడదు కదా.

దీపములు మలఁగెను హాలు తెరయె మెఱసె
లీన గళమెత్తె ముత్యాల లేఁతనగవు
విరిసె నింకేమి యడ్డని వేడ్క మీఱఁ
జీకటియె వచ్చి వెలిగించెఁ జిత్రసీమ

నిర్వాహకుడు: సమస్యలోని చిక్కు ఒక్క ఊహతో విడిపోయింది, బాగుంది. గాయని, నటి లీనా హార్న్ 1942లో ఎం.జి.ఎం. స్టూడియోతో దీర్ఘకాలపు ఒప్పందం కుదుర్చుకున్నారు. కానీ చాలా చిత్రాల్లో ఆమెకు కథతో సంబంధం లేని పాట ఒక్కటే ఇచ్చేవారు. దక్షిణాది రాష్ట్రాల హాళ్లలో ఆ ముక్కను సులువుగా కత్తిరించి పారేయడానికే ఆ ఏర్పాటు. అది తెలిసి చదివితే "ఇంకేమి యడ్డు" అన్న మాట దగ్గర గొంతు పట్టుకుంటుంది. ఆమె కోసం సౌందర్య సాధనాల కంపెనీ మాక్స్ ఫాక్టర్ వాళ్లు "లైట్ ఈజిప్షియన్" అని ఒక రంగు తయారుచేశారు. అదే రంగును తెల్ల నటీమణులకు పూసి మిశ్రమజాతి పాత్రలు వేయించారు. రంగు ఆమెది, వేషం ఇంకొకరిది.

సాయంసంధ్య: నాది కురుల మీద.

ఇనుపదువ్వెనఁ గాల్చక యింపుగాను
గుండ్రముగ నల్లమేఘాలై కురులు నిక్క
సిసిలి మొదలైన తారల శిరములందుఁ
జీకటియె వచ్చి వెలిగించెఁ జిత్రసీమ

కలువకొలను: రెండో పాదంలో "మేఘాలై" మూడూ గురువులే, మగణం పడింది. అక్కడ ఇంద్రగణం కావాలి. "మబ్బులై" అంటే రగణం, సరిపోతుంది. ఆ ఒక్కటీ మారిస్తే ఇప్పటిదాకా వచ్చినవాటిలో నాకు నచ్చిన పూరణ ఇదే. ఆడవాళ్ల జుట్టును చీకటితో పోల్చడం మన కావ్యాల్లో మొదటినుంచీ ఉన్నదే, అందులో చిన్నచూపు లేదు. అదీగాక, పొయ్యి మీద కాల్చిన దువ్వెనతో జుట్టు సాగదీసుకుంటేగాని మర్యాద లేని రోజులవి. 1963లో నటి సిసిలీ టైసన్ జుట్టును సహజంగా, పొట్టిగా వదిలేసి టీవీ ధారావాహికలో నటించారు. 70లలో సన్నజడలు నెత్తికి అంటేలా అల్లుకుని కనిపించారు. అది చూసి ఎంతమంది అద్దంలో తమ జుట్టును కొత్తగా చూసుకున్నారో! నటి పామ్ గ్రియర్ గుండ్రటి ఆఫ్రో జుట్టు కూడా ఆ దశాబ్దానిదే.

పాతరీలు: కలువకొలను గారూ, మీ మాట నిజమే. మరి నిర్వాహకుల పూరణ ఏది?

నిర్వాహకుడు: నేను కాకువు (గొంతు మార్పుతో అర్థం మార్చడం) పట్టాను. చివరి పాదాన్ని ప్రశ్నగా చదవండి.

తెల్లమోముల కొలతతో దీపమెత్తి
ఫిల్ము కలిపిరి రంగులఁ బిసికి రట్లె
నిజపుఁ గాంతుల నతివలే నింపిరి గద
చీకటియె వచ్చి వెలిగించెఁ జిత్రసీమ?

ఫిల్ము కంపెనీ కొడాక్ ల్యాబులకు పంపిన రంగుల నమూనా పటంలో చాలాకాలం తెల్ల యువతి ముఖమే ఉండేది. ఆ ముఖం సరిగ్గా వస్తే ఫిల్ము సరిగ్గా కడిగినట్టు లెక్క. నల్లని ముఖంలోని కవళికలు అందులో మసకబారేవి. కాబట్టి చీకటి వాళ్ల ఒంట్లో లేదు, పనిముట్లలో ఉంది.

తేనెపట్టు: రెండో పాదం మీద ఒక మాట. రంగులు పిసికినవాళ్లు స్టూడియోవాళ్లే కాదండీ. 1958లో మొదలైన ఎబొనీ ఫ్యాషన్ ఫెయిర్ అనే దుస్తుల ప్రదర్శన ఊరూరా తిరిగేది. తమ ఛాయకు సరిపోయే ఫౌండేషన్ అంగళ్లలో దొరక్క, అందులోని మోడల్ అమ్మాయిలు రెండు మూడు సీసాలు కలిపి తామే రంగు చేసుకునేవారు. అది చూసి, ఆ ప్రదర్శన నడిపిన యూనిస్ జాన్సన్ అలాంటి రంగులు చేయమని పెద్ద కంపెనీలను అడిగారు. వాళ్లు కాదన్నాక, 1973లో ఫ్యాషన్ ఫెయిర్ పేరుతో సౌందర్య సాధనాలు సొంతంగా తెచ్చారు. ఆ చేతులు మీ పద్యంలోకి రాలేదు.

నిర్వాహకుడు: రావాలి. "రంగులఁ బిసికి" అన్నదాన్ని ఆ అమ్మాయిల పరం చేస్తూ ఎవరైనా పూరించండి. యతి "ఫి–బి" అలాగే ఉంచుకోవచ్చు. గడువు ఆదివారం రాత్రి వరకూ పొడిగిస్తున్నాను.