అప్‌డేట్: పాలిటెక్నిక్ అనుభవంతో కెనడా ఇన్విటేషన్ వచ్చింది

పాలిటెక్నిక్‌లో పాఠాలు చెప్పిన అనుభవాన్ని కెనడా ఎక్స్‌ప్రెస్ ఎంట్రీలో (శాశ్వత నివాసానికి పాయింట్ల మీద ఎంపిక చేసే పద్ధతి) ఏ ఎన్‌ఓసీ (కెనడా వాళ్ల వృత్తి కోడ్) కింద చూపించాలని అప్పట్లో అడిగాను కదా. యూనివర్సిటీ ప్రొఫెసర్ల 41200 కాకుండా, మీరు చెప్పినట్టే కాలేజీ, వొకేషనల్ ఇన్‌స్ట్రక్టర్ల 41210 పెట్టాను. శాశ్వత నివాసానికి దరఖాస్తు చేసుకోమని ఇన్విటేషన్ వచ్చేసింది!

అసలు టెన్షన్ ఎక్స్‌పీరియన్స్ లెటర్‌తోనే. కాలేజీ మొదట ఇచ్చిన కాగితంలో "సంతృప్తికరంగా పనిచేశారు" అన్న ఒక్క వాక్యం, కింద స్టాంపు. విధులు, వారానికి ఎన్ని గంటలు, జీతం ఎంత, ఏవీ లేవు. దరఖాస్తుకు 60 రోజులే గడువాయె. మూడుసార్లు తిరిగి, ల్యాబ్ క్లాసులు, పేపర్లు దిద్దడంతో సహా అన్నీ రాయించుకున్నాను. నిన్ననే సబ్మిట్ చేశాను.

పార్ట్‌టైమ్‌గా చెప్పేవాళ్లు మాత్రం ఏడాది ఫుల్‌టైమ్ అనుభవానికి సమానమైన 1,560 గంటలు నిండాయో లేదో ముందే చూసుకోండి. సాయం చేసిన అందరికీ పేరుపేరునా కృతజ్ఞతలు.