జావా లిపి: యాప్‌లో నేర్పితే చేతికి వస్తుందా?

సెమరాంగ్ అమ్మ: మేం ఇండోనేషియాలో, మధ్య జావాలోని సెమరాంగ్‌లో ఉంటాం. మావాడు ఐదో క్లాసు. ఇక్కడి బడిలో జావా భాష చదవాల్సిందే, దాంతోపాటు హనచరక లిపి కూడా. ఈ ఏడు నోటుబుక్కు తీసేసి యాప్ పెట్టారు. సరైన అక్షరం నొక్కితే నక్షత్రాలు. మావాడికి బోలెడన్ని వచ్చాయి. తీరా కాగితమిచ్చి 'నీ పేరు రాయరా' అంటే పెన్సిల్ కొరుకుతూ కూర్చున్నాడు. ఇదేం చదువండీ?

పిక్సెల్ బాబాయ్: మీరు తెలుగులో చేత్తో ఉత్తరం రాసి ఎన్నాళ్లయింది? 2009లో యూనికోడ్‌లో (కంప్యూటర్లు, ఫోన్లు వాడే అక్షరాల పట్టికలో) చేరాకే కదా ఆ లిపి ఫోన్లలోకి వచ్చింది. ఉన్నవి ఇరవై హల్లులు. ఆటలో గుర్తుపడితే తప్పేంటి?

ఒత్తుల మాస్టారు: ఆ ఇరవైతో పేచీ లేదు బాబూ. చిక్కంతా పసాంగన్ దగ్గర. మన ఒత్తే అనుకోండి, ప్రతి హల్లుకీ ఒకటి. పైగా పాత పద్ధతిలో మాటల మధ్య ఖాళీ ఉండదు. 'మఙన్ తహు' (టోఫు తినడం) అని రాస్తే, మొదటి మాట చివరి న కింద రెండో మాటలోని త వచ్చి కూర్చుంటుంది. హ, స, పల పసాంగన్లు మాత్రం కిందికి పోవు, పక్కన వస్తాయి. టైపు చేస్తే పొల్లు, తర్వాత త, అంతే. ఎక్కడ పెట్టాలో ఫాంటే చూసుకుంటుంది. ఇక పిల్లాడు నేర్చుకున్నదేమిటి? మన పిల్లల 'క్త' గతీ ఇంతేగా.

పిక్సెల్ బాబాయ్: అయితే వేలితో దిద్దించే యాప్ పెట్టమనండి. గీత ఎటు మొదలై ఎటు తిరగాలో కదిలే బొమ్మలో తెలిసినట్టు నల్లబల్ల మీద తెలుస్తుందా?

ఒత్తుల మాస్టారు: అది ఒప్పుకుంటా. దిద్దాక ఆ బొమ్మ దాచేసి, చూడకుండా రాయించాలి కానీ.

జోగ్జా కోడలు: మా జోగ్జాలో, అంటే యోగ్యకర్తలో, వీధి బోర్డుల మీద రెండు లిపులూ ఉంటాయి. బండి వెనక కూర్చుని మా పాప చదువుతూ వస్తుంది. పక్కింటి పిల్లలు లాటిన్‌లో ఉన్నది చూసి వెళ్లిపోతారు. యాపా, పుస్తకమా అని కొట్టుకోవడం సరే, చదవడానికి బయట ఏముందని?

సెమరాంగ్ అమ్మ: రాత్రి మళ్లీ కాగితం ముందేసుకున్నాం. ఆదిత్య అని రాయాలి. త కింద య పసాంగన్ పెట్టాడు. అది కాదట, అక్కడ పెంగ్కల్ అని వేరే గుర్తు పెట్టాలట, పక్కింటావిడ దిద్దింది. యాప్‌లో ఆ పాఠానికి ఇంకా తాళమే ఉంది, నక్షత్రాలు చాల్లేదట.