గామా లయ తప్పడమే కారణమా? తెలిసినవాళ్ళు చెప్పండి, మా తమ్ముడి కోసం అడుగుతున్నాను

పెద్దక్క:

మా తమ్ముడికి స్కిజోఫ్రెనియా. మందులు పడ్డాక చెవిలో గొంతులు దాదాపు ఆగిపోయాయి. ఆ ఊరట ఎంతటిదో మా ఇంట్లో అందరికీ తెలుసు. కానీ మందులకు లొంగనిది ఒకటి మిగిలిపోయింది. పని చేసే పద్ధతి మారిందంటే వాడు పాత పద్ధతి దగ్గరే ఉండిపోతాడు. ఆఫీసులో స్టాకు రాసే ఫారం ఇదివరకు తేదీల వరసలో నింపేవాళ్ళు, ఇప్పుడు సరుకు రకాన్ని బట్టి నింపాలి. కొత్త పద్ధతి ఏమిటని అడిగితే తడుముకోకుండా చెబుతాడు. రాయమంటే మాత్రం తేదీల వరసలోనే రాస్తాడు. తప్పంటే ఒప్పుకుంటాడు, మళ్ళీ అదే రాస్తాడు. మొండి అంటారు, శ్రద్ధ లేదంటారు. ఆ మాటలు వాడి ముందే అన్నప్పుడు వాడి మొహం చూడలేను.

వికాస్ సోహల్ అనే న్యూరోసైంటిస్టు ఎలుకల మీద చేసిన ప్రయోగాల గురించి ఈ మధ్య చదివాను. మెదడులో గామా తరంగాలు దెబ్బతింటే ఇలాంటి ఇబ్బందే వస్తుందని అర్థమైంది. అది నిజంగా కారణమా, లేక జబ్బుతోపాటు కనబడే గుర్తు మాత్రమేనా? తమ్ముడికి ఈఈజీ (నెత్తి మీద ఎలక్ట్రోడ్లు పెట్టి మెదడు తరంగాలు రికార్డు చేసే పరీక్ష) తీయిస్తే తేలుతుందా? 40 హెర్ట్జ్ (సెకనుకు 40 సార్లు) వేగంతో మిణుకుమనే లైట్లు, మోగే హెడ్‌ఫోన్లు అమ్ముతున్నారు, అవి కొనడంలో అర్థముందా? వివరంగా రాసినా పర్లేదు, ఓపిగ్గా చదువుతాను.

మిల్లీసెకను:

పెద్దక్క గారూ, నేను ఒక ల్యాబులో ఈఈజీ రికార్డింగులు చేస్తాను. డాక్టర్ని కాను. మీరు రాసిన ఫారం సంగతి చదివి ఆశ్చర్యపోయాను, సోహల్ ల్యాబులో చిట్టెలుకలకు పెట్టిన పరీక్ష దాదాపు అలాంటిదే.

ఎలుక ముందు రెండు గిన్నెలుంటాయి. ఒక్కోదానికి ఒక్కో వాసన, తవ్వడానికి లోపల ఒక్కో రకం పదార్థం. తిండి ఒకదాంట్లోనే దాచి ఉంటుంది. మొదట వాసనను బట్టి వెతకాలి అనుకోండి. ఎలుక నేర్చుకుంటుంది. తర్వాత చెప్పాపెట్టకుండా నియమం మారుస్తారు, ఇప్పుడు వాసనతో పనిలేదు, లోపలి పదార్థాన్ని బట్టి వెతకాలి. మామూలు ఎలుక కాసేపు తడబడి మారుతుంది. డీఎల్ఎక్స్5/6 జన్యువులు ఒక్కో ప్రతి లోపించిన ఎలుకలు మొదటి నియమం బాగానే నేర్చుకున్నాయి, రెండోదానికి మారడమే వాటివల్ల కాలేదు. ఈ లోపం వాటిలో యుక్తవయసు దాటాకే బయటపడింది. మనుషుల్లో కూడా ఈ జబ్బు ఎక్కువగా ఆ వయసులోనే మొదలవుతుంది కదా.

ఇక కారణమా, గుర్తా అన్న ప్రశ్న. మెదడు ముందు భాగంలో చుట్టుపక్కల కణాలను అదుపుచేసే న్యూరాన్లు కొన్ని ఉంటాయి, వాటిలో వేగంగా స్పందించే రకాన్ని పార్వాల్బుమిన్ కణాలంటారు. అవి స్పందించగానే చుట్టూ ఉన్న కణాలన్నీ ఒక్కసారి ఊరుకుంటాయి, అదుపు సడలగానే అన్నీ కలిసి మళ్ళీ మొదలవుతాయి. సెకనుకు 40 సార్లు ఇలా జరిగితే ఒక్కో విడత 25 మిల్లీసెకన్లు. మనం గామా అని పిలిచేది ఈ కలిసి ఆగడం, కలిసి కదలడమే. 2015లో ప్రచురించిన ప్రయోగంలో, లోపమున్న ఎలుకల్లో ఈ అదుపు న్యూరాన్లను, మెదడు లోపలికే పంపిన కాంతితో గామా వేగంలో ప్రేరేపిస్తే అవి కొత్త నియమానికి మారగలిగాయి. తక్కువ వేగంతో ప్రేరేపిస్తే ఫలితం లేదు. ప్రేరేపించడం ఆపేశాక కూడా ఆ మార్పు నిలిచింది. ఆరోగ్యంగా ఉన్న ఎలుకల్లో ఆ కణాలను అణచివేస్తే వాటికీ అదే ఇబ్బంది వచ్చింది. అంటే ఎలుకల వరకైనా ఇది కారణమే, గుర్తు మాత్రమే కాదు.

నన్ను అంతకన్నా కదిలించింది 2020 నాటి ప్రయోగం. అందులో ఆరోగ్యంగా ఉన్న ఎలుకల్లోనే మెదడు కుడి, ఎడమ వైపుల పార్వాల్బుమిన్ కణాలను 40 హెర్ట్జ్‌తో ప్రేరేపించారు. రెండు వైపులా ఒకే క్షణంలో ప్రేరేపిస్తే ఏ నష్టమూ లేదు. అదే వేగంతో ఒకవైపు తర్వాత ఒకవైపుగా ప్రేరేపిస్తే, అంటే ఇద్దరు ఒకే వేగంతో చప్పట్లు కొడుతున్నా ఒకరి దెబ్బ రెండోవారి దెబ్బల మధ్యలో పడినట్టు చేస్తే, ఎలుకలు పాత నియమాన్నే పట్టుకుని కూర్చున్నాయి. వేరే వేగాల్లో అలా చేస్తే ఏమీ కాలేదు. కాబట్టి గామా ఎంత ఉంది అని కొలిస్తే సరిపోదు, ఏ చోటు కణాలు ఏ చోటు కణాలతో ఏ క్షణంలో కలుస్తున్నాయన్నదే అసలు విషయం. “గామా పెంచండి” అని ఎవరైనా అంటే నాకు ఒళ్ళు మండుతుంది. కెటమిన్ అనే మత్తుమందు ఇస్తే ఆరోగ్యవంతుల్లో కూడా గామా పెరుగుతుంది, దానితో ఆలోచన మెరుగుపడదు, చెదిరిపోతుంది.

ఈఈజీ సంగతి. సెకనుకు 40 క్లిక్కులు చెవిలో వినిపిస్తే మెదడు తరంగాలు ఆ వేగాన్ని అనుసరిస్తాయి. స్కిజోఫ్రెనియా ఉన్నవాళ్ళలో ఈ స్పందన బలహీనంగా ఉంటుందని 1999లో ఒక పరిశోధన చూపింది, తర్వాత చాలా ల్యాబుల్లో అదే కనబడింది. అయితే అది గుంపుల సగటు. ఒక్క మనిషి రికార్డింగు చూసి ఇతని గామా చెడిందని తేల్చలేం, ఆరోగ్యవంతుల అంకెలూ రోగుల అంకెలూ అంతగా కలగలిసిపోతాయి. మామూలుగా తీసే ఈఈజీ మూర్ఛల వంటివాటి కోసం. పైగా నెత్తి మీద నుంచి గామా పట్టుకోవడమే కష్టం. 2007లో ఆస్ట్రేలియాలో కొందరు వాలంటీర్ల కండరాలను మందుతో పూర్తిగా సడలించి చూస్తే, నెత్తి మీద కనబడే 20 హెర్ట్జ్ పైబడిన సిగ్నల్లో చాలావరకు కండరాలదేనని తేలింది. నేను రోజూ చూసేదే ఇది. కూర్చున్న మనిషి పళ్ళు కాస్త బిగిస్తే చాలు, కణతల దగ్గరి చానెళ్ళు వేగమైన గీతలతో నిండిపోతాయి. అందుకే దవడ వదులుగా పెట్టమని మొదటి నుంచి చివరి దాకా చెబుతూనే ఉంటాను. దీనికోసం డబ్బు పెట్టి ఈఈజీ తీయించకండి.

లైట్లు కూడా కొనకండి. ఆ ఆలోచన 2016లో ఎంఐటీలో లీ-హుయె సాయ్ బృందం అల్జైమర్స్ నమూనా ఎలుకల మీద చేసిన పని నుంచి వచ్చింది. 40 హెర్ట్జ్ కాంతితో అమిలాయిడ్ (ఆ జబ్బులో మెదడులో పేరుకునే ప్రోటీన్) తగ్గిందన్నారు. 2023లో జ్యోర్జ్ బుజాకీ ల్యాబు చేసి చూస్తే ఆ తగ్గుదల కనబడలేదు. అది వేరే జబ్బు, మిణుకుమిణుకుమనే కాంతి ముందుగా కదిలించేది చూపుకు సంబంధించిన భాగాన్ని. మెదడు ముందు భాగంలో రెండు వైపుల కణాలను క్షణం తప్పకుండా కలపడం దాని పని కాదు. కొందరిలో అలాంటి కాంతి మూర్ఛ తెప్పిస్తుంది. స్కిజోఫ్రెనియాకు ఇచ్చే క్లోజపైన్ లాంటి మందులు వాడేవాళ్ళలో మూర్ఛ ముప్పు ముందే ఎక్కువ, వాళ్ళు మరీ జాగ్రత్తగా ఉండాలి.

పెద్దక్క:

చాలా కృతజ్ఞతలండీ. రెండు వైపుల కణాల సంగతి రెండుసార్లు చదివాను. వాడిది మొండితనం కాదని ఇంట్లోవాళ్ళకు చెప్పడానికి నాకొక దారి దొరికింది. ఇంకో ప్రశ్న. ఆ చిట్టెలుక ప్రయోగం నుంచి వాడి రోజువారీ పనికి ఉపయోగపడేది ఏమైనా ఉందా? వాడు క్లోజపైన్ వాడటం లేదు. వణుకు తగ్గడానికి ట్రైహెక్సిఫెనిడిల్ మాత్రం చాలాకాలంగా వేసుకుంటున్నాడు.

మిల్లీసెకను:

ఒకటి ఉందనిపిస్తోంది. ఎలుక నుంచి మనిషికి దూకుతున్నానని గుర్తుపెట్టుకుని చదవండి. ఆ 2020 ప్రయోగంలో గామా కలయిక అన్ని రకాల నేర్పుకూ అవసరం కాలేదు. పూర్తిగా కొత్త గుర్తులు ఇచ్చినప్పుడు, అది లేకుండానే ఎలుకలు నేర్చుకున్నాయి. ఉన్న నియమాన్ని తలకిందులు చేసినా నేర్చుకున్నాయి. ఇన్నాళ్ళూ కళ్ళ ముందే ఉండి లెక్కలోకి రాని గుర్తు ఉన్నట్టుండి ముఖ్యమైనప్పుడే అవి చిక్కుకున్నాయి. మీ తమ్ముడి ఫారంలో జరిగింది అదే. సరుకు రకం గడి మొదటి నుంచీ ఉంది, దాన్ని పట్టించుకోవాల్సిన పని ఇప్పుడే పడింది. కాబట్టి అదే కాగితం మీద కొత్త అలవాటు నేర్పే బదులు కాగితాన్నే మార్చి చూడండి. వేరే రంగు, సరుకు రకం ఎడమ చివర పెద్ద అక్షరాల్లో, తేదీ గడి కనబడకుండా వెనక పేజీలో. పని కూడా వీలైతే వేరే బల్ల మీద. దీనివల్ల నష్టమేమీ లేదు, అందుకే చెబుతున్నాను.

పీజీ_సైకియాట్రీ:

మందుల గురించి నేను రెండు మాటలు కలుపుతాను. 2015 పరిశోధనలో క్లోనజెపామ్ (ఆందోళనకూ మూర్ఛలకూ ఇచ్చే మందు) చాలా తక్కువ మోతాదులో ఇచ్చినా ఎలుకలు మెరుగుపడ్డాయి. ఆ ముక్క చదివి ఎవరూ సొంతంగా వేసుకోవద్దు, ఈ కోవ మందులు మనుషుల్లో జ్ఞాపకశక్తిని మందగింపజేస్తాయి. ఇదే దారిలో, అదుపు న్యూరాన్లు విడుదల చేసే జీఏబీఏ అనే రసాయనాన్ని అందుకునే గ్రాహకం మీద పనిచేసే ఎంకే-0777 అనే మందును రోగుల మీద పరీక్షించారు. చిన్న ట్రయల్లో ఆశ కనబడింది, 2011లో వచ్చిన పెద్ద ట్రయల్లో ఆలోచనాశక్తి మెరుగుపడలేదు.

పెద్దక్క గారూ, ట్రైహెక్సిఫెనిడిల్ మాటే ముందు పట్టించుకోండి. అది ఎసిటైల్‌కోలిన్‌ను అడ్డుకుంటుంది, జ్ఞాపకానికీ ఏకాగ్రతకూ అదే కావాలి. చాలామందికి మొదట్లో రాసిన మాత్ర అవసరం తీరాక కూడా చీటీ మీద అలాగే కొనసాగుతూ ఉంటుంది. ఇంకా అవసరమా, తగ్గించవచ్చా అని మీ డాక్టర్ని నేరుగా అడగండి. మీరే ఆపేయకండి, ఒక్కసారిగా ఆపితే వణుకు, బిగుసుకుపోవడం తిరగబెట్టవచ్చు. కాగ్నిటివ్ రెమెడియేషన్ అనే, ఆలోచనా నైపుణ్యాలు పెంచే శిక్షణ ఎక్కడైనా అందుబాటులో ఉందా అని కూడా అదే విజిట్లో అడగండి. కంప్యూటర్ ఆటలు ఇచ్చి వదిలేసేది వద్దు. థెరపిస్టు పక్కనుండి, నేర్పిన కిటుకును అతని అసలు పనికి ముడిపెట్టే రకం మేలు. వెళ్ళేటప్పుడు అతను ఎక్కడ ఆగిపోతున్నాడో, ఇక్కడ రాసినట్టే కాగితం మీద రాసి తీసుకెళ్ళండి. “ఏకాగ్రత లేదు” అని ఒక్క ముక్క చెబితే మాకు దాన్నుంచి ఏదీ అర్థం కాదు.