వేసవి సెలవుల్లో హాయిగా చదవాలంటే: తేలికపాటి నవలా, లావుపాటి క్లాసిక్కా?

ఓపికలేని_చదువరి

వేసవి సెలవులు దగ్గరపడ్డాయి. ఈసారైనా ఫోన్ పక్కన పడేసి ఏదైనా చదువుదామని ఉంది. ఏం చదవాలన్న దగ్గరే మా ఇంట్లో రెండు పార్టీలయ్యాయి. మా అక్క "అలసిపోయిన బుర్రకి డిటెక్టివ్ నవలను మించింది లేదు, అగాథా క్రిస్టీ మొదలుపెట్టు" అంటుంది. బావగారేమో "సెలవుల్లో కాకపోతే టాల్‌స్టాయ్‌ని ఇంకెప్పుడు చదువుతావు? యుద్ధం-శాంతి పట్టుకో" అంటారు. విశ్రాంతి కోసం చదువుకునేవాడికి వెయ్యి పేజీలు దాటిన నవల ఎందుకని నా అనుమానం. మీరేమంటారు? ఊరికే పేర్లు రాసి వెళ్ళిపోకుండా ఎందుకో కూడా చెప్పండి.

అట్టవెనక

మీ అక్కగారిదే రైటు. సెలవుల్లో పుస్తకం ఇంకో పని కాకూడదు. క్రిస్టీ 66 డిటెక్టివ్ నవలలు రాసింది. ఒకటి నచ్చకపోతే ఇంకోటి తీసుకోవచ్చు.

మొదట 1939లో వచ్చిన 'అండ్ దెన్ దేర్ వర్ నన్' చదవండి. ఒకరికొకరు తెలియని పదిమంది ఒక దీవిలో ఉన్న ఇంటికి చేరతారు. ప్రతి గదిలోనూ ఒక పిల్లల పాట ఫ్రేము కట్టి గోడకి తగిలించి ఉంటుంది. భోజనాల గదిలో బల్ల మీద పది చిన్న బొమ్మలు. ఒక్కో మనిషి పోయినప్పుడల్లా ఒక్కో బొమ్మ మాయమవుతుంది. మనం మనుషుల్ని వదిలేసి బొమ్మల్ని లెక్కపెట్టడం మొదలుపెడతాం. కథ జరిగేది ఆగస్టులో, ఇంగ్లండువాళ్ళకి అదే వేసవి కాబట్టి మీ సెలవులకీ సరిపోయింది. రెండు పూటల్లో అయిపోతుంది.

లావుపుస్తకం

అది చదువుతూ అర్ధరాత్రి దాటేదాకా మేలుకున్నవాళ్ళు చేతులెత్తండి అంటే ఇక్కడ సగం మంది ఎత్తుతారు. దాన్ని విశ్రాంతి అంటారా? ఆఫీసు టెన్షన్ పోగొట్టుకోడానికి ఇంకో టెన్షన్ నెత్తికెత్తుకోవడం కదా అది.

"చేతికొస్తే కింద పెట్టలేం" అని థ్రిల్లర్లని పొగుడుతారు. సెలవుల్లో నాక్కావాల్సింది సరిగ్గా దానికి తలకిందులు. ఎప్పుడంటే అప్పుడు కింద పెట్టగలగాలి, రేపు తీస్తే అక్కడే నాకోసం ఉండాలి. 'యుద్ధం-శాంతి' అలాంటి పుస్తకం. లావు చూసి జనం జడుసుకుంటారు గానీ లోపల ఉన్నవి 361 అధ్యాయాలు. అంటే ఒక్కోటి సగటున మూడు నాలుగు పేజీలు. ఒకటి చదివి, పుస్తకం బోర్లించి కునుకు తీస్తే కొంపలేం మునగవు. నెపోలియన్ ఎక్కడికీ పోడు.

ఒక్క ఘట్టం చెప్తాను. రోస్తోవ్ వాళ్ళు రోజంతా వేటాడి చీకటి పడ్డాక చుట్టం ఒకాయన ఇంటికి చేరతారు. పిల్లలంతా చిన్నాన్న అని పిలుచుకునే పెద్దమనిషి. ఆయన గిటారు తీసి పల్లెపాట ఎత్తుకుంటాడు. రోస్తోవ్‌ల అమ్మాయి నటాషా లేచి నిలబడి నడుం మీద చెయ్యి పెట్టి, భుజం ఒకసారి కదిపి ఆడుతుంది. ఫ్రెంచి మాట్లాడే పంతులమ్మ చేతిలో పెరిగిన పిల్లకి ఆ రష్యన్ పల్లె అడుగులు ఎలా వచ్చాయని టాల్‌స్టాయ్ మురిసిపోతూ అడుగుతాడు. కథ అక్కడ అంగుళం కదలదు. కదలాలని మనకీ ఉండదు. వేసవి మధ్యాహ్నం చదవాల్సింది అలాంటి పేజీలు.

అట్టవెనక

ఆ నటాషాయే ఒకచోట నటాలియా ఇల్యీనిచ్నా, ఇంకోచోట కౌంటెస్ రోస్తోవా. ఇంకో ముఖ్య పాత్ర పియేర్‌ని కొందరు ప్యోత్ర్ కిరిల్లొవిచ్ అంటారు. వాళ్ళిద్దరే అయితే సరే, పాత్రలు వందల్లో ఉన్నాయి. మొదటి అధ్యాయంలో అన్నా పావ్లొవ్నా ఇంటి విందులో సగం మాటలు ఫ్రెంచిలో. ఎవరు ఎవరికి ఏమవుతారో గుర్తుపెట్టుకోడానికి కాగితం, పెన్నూ పక్కన పెట్టుకోవాలి. ఇదా విశ్రాంతి? పరీక్షకి చదువుతున్నట్టుంటుంది.

లావుపుస్తకం

కాగితం పెట్టుకుంటే తప్పేముంది? బుక్‌మార్కు మీదే అయిదు కుటుంబాల పేర్లు రాసుకోండి: రోస్తోవ్, బల్కోన్‌స్కీ, బెజూహొవ్, కురాగిన్, ద్రుబెత్స్‌కోయ్. మిగతావాళ్ళని మర్చిపోయినా ఫర్వాలేదు, కథే మళ్ళీ గుర్తుచేస్తుంది. అన్నట్టు ఆ విందు జరిగేది 1805 జులైలో. మీ ఆగస్టుకి నా జులై చెల్లు.

మళ్ళీమళ్ళీ

ఇద్దరూ కొత్త పుస్తకం గురించే కొట్టుకుంటున్నారు. సెలవుల్లో కొత్తది ఎందుకండీ? కొత్త పుస్తకం అంటేనే ఒక బెంగ. నచ్చుతుందో లేదో, ఇంత టైము పెట్టాక చివర్లో నీరుగారుస్తుందో ఏమో. ఇదివరకు చదివి నవ్వుకున్న పుస్తకం మళ్ళీ తీస్తే ఆ బాధే లేదు.

నా వేసవి పుస్తకాలు రెండే. ఒకటి మొక్కపాటివారి 'బారిస్టర్ పార్వతీశం'. మొదటి భాగం వచ్చి వందేళ్ళు దాటినా (1924) పార్వతీశం ఓడెక్కక ముందే నా కడుపు చెక్కలవుతుంది. ఏం జరగబోతోందో తెలిసి, అది వచ్చే పేజీ కోసం ఎదురుచూస్తూ చదవడంలో ఉన్న హాయి మొదటిసారి చదివేవాళ్ళకి దక్కదు.

రెండోది జెరోమ్ కె. జెరోమ్ 'త్రీ మెన్ ఇన్ ఎ బోట్', 1889 నాటిది. మొదట్లోనే కథ చెప్పే ఆయన ఏదో చిన్న నలతకి మందు చూసుకుందామని బ్రిటిష్ మ్యూజియంకి వెళ్ళి వైద్య గ్రంథం తిరగేస్తాడు. అక్షరక్రమంలో ఒక్కో జబ్బూ చదువుతూ పోతే అన్నీ తనకున్నట్టే తేలుతుంది. పనిమనుషులకి మోకాలికొచ్చే ఒక వాపు జబ్బు మాత్రం లేదట. అదొక్కటీ తనకెందుకు రాలేదని ముందు కాస్త చిన్నబుచ్చుకుంటాడు కూడా. ఇప్పుడు ఫోన్లో లక్షణాలు వెతుక్కుని హడలిపోయేవాళ్ళందరి చేతా ఆ రెండు పేజీలు చదివించాలి.

చిన్నకథ

నవల దగ్గరే ఎందుకు ఆగిపోయారు? 'అమరావతి కథలు' ఉన్నాయి. శంకరమంచి సత్యం రాసినవి నూరు కథలు, పక్కన బాపు బొమ్మలు. చాలావరకు మూడు నాలుగు పేజీల్లో అయిపోతాయి. లావుపుస్తకం గారు చెప్పిన "ఎప్పుడైనా కింద పెట్టగలగాలి" అన్న మాటకి నవల కన్నా కథల పుస్తకమే దగ్గర. మధ్యలో వదిలేసిన పాత్రలుండవు, బుక్‌మార్కు మీద కుటుంబాలుండవు. డిటెక్టివ్ కథే కావాలంటే షెర్లాక్ హోమ్స్ నవలలు నాలుగే, కథలు 56. కథలు పట్టుకోండి, కూర్చున్నచోటే ముడి పడుతుంది, కూర్చున్నచోటే విడిపోతుంది.

అట్టవెనక

కథల పుస్తకంతో ఒక ఇబ్బంది ఉంది. ప్రతి మూడు పేజీలకీ కొత్త ఊరు, కొత్త మనుషులు, మళ్ళీ మొదటినుంచి. వరసగా ఆరు చదివితే అలసట వస్తుంది. నవలలో ఒకసారి దిగితే చాలు.

చిన్నకథ

వరసగా ఆరు ఎవరు చదవమన్నారండీ?! పైగా 'అమరావతి కథలు'లో ఊరు మారదు.

అంకెలు_కావాలి

చర్చ బాగుంది గానీ ఒక్క లెక్క చెప్తాను. ఆరు నిమిషాలు చదివితే ఒత్తిడి 68 శాతం తగ్గుతుందని 2009లో ఇంగ్లండులో ససెక్స్ యూనివర్సిటీవాళ్ళు తేల్చారు. ఏం చదివామన్నది ముఖ్యం కాదన్నమాట. ఏదో ఒకటి చదవండి.

లావుపుస్తకం

ఆ 68 శాతం ప్రతిచోటా కనిపిస్తుంది. అసలు పరిశోధన పత్రం ఎక్కడుందో చూపించండి. అది పేపర్లకి ఎక్కిందే గానీ, తోటి శాస్త్రవేత్తలు పరీక్షించి అచ్చువేసే పత్రికల్లోకి ఎక్కలేదు. పుస్తకం చదివితే మనసు కుదుటపడుతుందని నాకూ తెలుసు, దానికి దశాంశాలు అక్కర్లేదు.

అంకెలు_కావాలి

సరే, అచ్చయినదే చెప్తాను. బోస్టన్‌లో 12 మందితో చేసిన పరిశోధన 2014లో వచ్చింది. రాత్రి నిద్రకి ముందు కొన్నాళ్ళు కాగితం పుస్తకం, కొన్నాళ్ళు వెలుగు చిమ్మే తెర మీద చదివించారు. తెర మీద చదివిన రోజుల్లో నిద్ర పట్టడం ఆలస్యమైంది, పొద్దున మత్తూ ఎక్కువ. మనుషులు తక్కువే, తెర వెలుగు కూడా పూర్తిగా పెంచి చదివించారు, ఒప్పుకుంటాను. కానీ "ఫోన్ పక్కన పడేసి" అన్నారు కదా చదువరి గారు, ఆ సగం నిర్ణయం మంచిదే.

దీవివైపు

కాస్త పక్కకి జరుగుదామా? వేసవి పుస్తకం అంటే నాకు ముందు గుర్తొచ్చేది జెరాల్డ్ డ్యురెల్ 'మై ఫ్యామిలీ అండ్ అదర్ యానిమల్స్' (1956). ఇంగ్లండు ముసురుకి విసిగిపోయిన కుటుంబం మూటాముల్లె సర్దుకుని గ్రీసులోని కోర్ఫు దీవికి వెళ్ళిపోతుంది. ఆఖరి పిల్లాడు జెరీకి జంతువుల పిచ్చి. ఒకరోజు తేలుని, దాని వీపు నిండా ఉన్న పిల్లలతో సహా, అగ్గిపెట్టెలో దాచి తెస్తాడు. భోజనాలవేళ దాని సంగతే మర్చిపోతాడు. పెద్దన్న లారీ సిగరెట్ ముట్టించుకుందామని ఆ అగ్గిపెట్టే తెరుస్తాడు. తల్లి తేలు ఆయన చేతి మీదికి పాకుతుంది. తర్వాత రెండు పేజీలు ఎవరు ఎటు పరిగెత్తారో, నీళ్ళు ఎవరి మీద పడ్డాయో, కుక్క ఎవరి కాలు పట్టుకుందో మీరే చదవండి. పక్కన ఎవరైనా నిద్రపోతుంటే మాత్రం వద్దు.

అంకెలు_కావాలి

అందులో చాలా కల్పన ఉంది కదా. పుస్తకంలో లారీ కుటుంబంతో కలిసే ఉంటాడు. నిజానికి లారెన్స్ డ్యురెల్‌కి అప్పటికే పెళ్ళయింది, భార్య నాన్సీతో వేరే ఇంట్లో ఉండేవాడు. ఆవిడ పేరే పుస్తకంలో కనపడదు. ఆత్మకథ అని చెప్పి ఇలా రాయొచ్చా?

దీవివైపు

కోర్టులో సాక్ష్యం చెప్పడానికి రాసిన పుస్తకం కాదు. నేను సెలవుల్లో ఉన్నాను.

ఇంకో దీవి పుస్తకం కూడా చెప్తాను, తేలిక-బరువు అని కొట్టుకుంటున్నవాళ్ళ కోసం. తోవె యాన్సన్ 'ది సమ్మర్ బుక్', 1972లో వచ్చింది. ఫిన్లండ్ తీరంలో చిన్న దీవి, ఒక ముసలామె, ఆవిడ మనవరాలు సోఫియా. నాచు మీద నడవకూడదని చెప్పుకోవడం, గాలివాన కోసం ఎదురుచూడటం, ఒకరి మీద ఒకరు విసుక్కోవడం, అంతే. కథ అనదగ్గది పెద్దగా లేదు. పేజీలూ తక్కువే. అయితే ఒకచోట, ఏదో మామూలు విషయం చెప్తున్న వాక్యంలో, సోఫియాకి విడిగా మంచం ఎందుకుందో చెప్తుంది రచయిత్రి. అమ్మ చనిపోయింది కాబట్టి. ఆ సంగతి ఇంక పెద్దగా ఎత్తదు. అక్కణ్ణుంచి అమ్మమ్మ కోపాలూ సోఫియా అలకలూ వేరేగా వినిపిస్తాయి. సన్నటి పుస్తకం కాబట్టి తేలికనుకుంటే పొరపాటు. బరువుంది కాబట్టి హాయి లేదనుకున్నా పొరపాటే.

మళ్ళీమళ్ళీ

నాయనమ్మ అండీ, సోఫియా వాళ్ళ నాన్నకి అమ్మ. మిగతాదంతా ఒప్పుకుంటాను. చదివి రెండుసార్లయింది.

కొత్తసభ్యుడు

క్రిస్టీ గురించి నాదీ ఒక మాట. 1926లో వచ్చిన 'రోజర్ అక్రాయిడ్' అన్నిటికన్నా గొప్పది, ఎందుకంటే చివర్లో హంతకుడు [తొలగించబడింది]

నిర్వాహకులు

హంతకుడి పేరు తీసేశాం. పుస్తకం వచ్చి ఎన్నేళ్ళయినా సరే, ఇక్కడ ముగింపులు చెప్పొద్దు.

అట్టవెనక

ధన్యవాదాలు. ఈ ఒక్క గొడవ చాలు నా వాదన నిలబడటానికి. వందేళ్ళనాటి పుస్తకం ముగింపు చెప్పబోతే ఇప్పటికీ అందరం ఉలిక్కిపడ్డాం. ఆ పట్టు ఇంకే పుస్తకానికుంది?

లావుపుస్తకం

ఈ ఒక్క గొడవే నా వాదనకీ సాక్ష్యం. ఒక్క పేరు తెలిస్తే మొదటిసారి చదివే సరదా పోతుందని మీకే భయం. నటాషా చివరికి ఎవరిని పెళ్ళి చేసుకుంటుందో ఇప్పుడే చెప్పేసినా నా పుస్తకానికి నష్టం లేదు.

నిర్వాహకులు

చెప్పకండి.

ఓపికలేని_చదువరి

అందరికీ థాంక్స్. అక్కా బావా ఇద్దరూ ఇది చదివారు, ఇద్దరూ తామే గెలిచామంటున్నారు. నేను మాత్రం ఇలా అనుకున్నాను. ప్రయాణంలో క్రిస్టీ, ఎందుకంటే అక్కడ ఎలాగూ నిద్రపట్టదు. మధ్యాహ్నాలు 'యుద్ధం-శాంతి', రోజుకి రెండు మూడు అధ్యాయాలు, ఎక్కడిదాకా వస్తే అక్కడిదాకా. పడుకునే ముందు ఒక్క అమరావతి కథ. తేలు పుస్తకం అక్క లాక్కుంది.

ఒక్కటే సందేహం. టాల్‌స్టాయ్ చివర్లో రెండు ఉపసంహారాలు ఉన్నాయట, రెండోదాంట్లో కథే లేదట. దాన్ని వదిలేయొచ్చా?

అట్టవెనక

హాయిగా వదిలేయండి. చరిత్రను నడిపించేది ఎవరు, మనిషికి స్వేచ్ఛ ఉందా లేదా అని పన్నెండు అధ్యాయాల ఉపన్యాసం. సెలవుల్లో ఎవడికి కావాలి?

లావుపుస్తకం

వదలొద్దు! నవలంతా ఆ ప్రశ్న కోసమే రాశాడు. కావాలంటే వచ్చే వేసవికి దాచుకోండి.

మళ్ళీమళ్ళీ

వచ్చే వేసవికి మళ్ళీ మొదటినుంచి చదవండి, అప్పుడు చూద్దాం.