మునిగిన ఓడ దగ్గర దొరికిన పింగాణీ ముక్క తెచ్చుకుంటే తప్పేంటి?

బెసెంట్‌నగర్ వాసి:
మొన్న స్కాట్లండ్‌లో స్కాపా ఫ్లో అనే అఖాతంలో డైవింగ్‌కి వెళ్లొచ్చాను. 1919 జూన్ 21న జర్మన్లు తమ యుద్ధనౌకల్ని తామే ముంచేసుకున్న చోటు. 74లో 52 మునిగాయి. కోల్న్ అనే క్రూజర్ సుమారు 35 మీటర్ల లోతులో పక్కకు ఒరిగి ఉంది. నీళ్లు లోపలికి రాని డ్రైసూట్ వేసుకున్నా వేళ్లు మొద్దుబారిపోయాయి. ఓడ పక్కన బురదలో అరచేతిలో సగమంత పింగాణీ ముక్క కనబడితే చెయ్యి చాపాను. గైడ్ వద్దని వేలు ఊపాడు. వదిలేశానుగానీ ఒళ్లు మండింది. 1924 నుంచి ఎర్నెస్ట్ కాక్స్ అనే తుక్కు వ్యాపారి ఆ ఓడల్నే పైకి లాగి అమ్ముకున్నాడు. ఆయనకి ఓడలకి ఓడలే, నాకు ముక్క కూడా లేదా?

పెరంబూరు మావయ్య:
ఆయన బ్రిటిష్ నౌకాదళం దగ్గర డబ్బు పెట్టి కొన్నాడు బాబూ. నువ్వు కొన్నావా? అడుగున మిగిలిన ఏడు పెద్ద ఓడలకి 2001 నుంచి చట్టరక్షణ ఉంది. మహాబలిపురం గుడి రాయి పెచ్చు ఊడదీసి సంచిలో వేసుకుంటావా?

బెసెంట్‌నగర్ వాసి:
గుడి నిలబడి ఉంది, ఓడ తుప్పుపట్టి కూలిపోతోంది మావయ్యగారూ. బురదలో కన్నా నా షోకేసులో ఉంటే నయం కదా?

అడయారు అక్క:
నేను అక్కడే డ్రెస్డెన్ అనే ఓడ మీద దిగాను. చాలాచోట్ల ఇనుమే కనబడదు తమ్ముడూ. తెల్లటి ఎనిమోన్లు అనే సముద్రజీవులు కాలీఫ్లవర్ పువ్వుల్లా, వాటి మధ్య డెడ్ మ్యాన్స్ ఫింగర్స్ అనే మెత్తటి పగడం, నిజంగా నీళ్లలో నాని ఉబ్బిన వేళ్లలాగే. బురదలో వాటికి పట్టు దొరకదు, ఓడ ఉక్కే వాటికి రాయి. నీ ముక్కని ఏ జీవీ పట్టుకుని ఉండకపోవచ్చు, ఒప్పుకుంటా. కానీ అది పడిన చోటే కబురు చెబుతుంది, వంటగది సామాను ఎటు జారిందో. షోకేసులో అది ఉత్త పెంకు.

పారిస్ కార్నర్ పిల్లోడు:
1914లో ఎమ్డెన్ అనే జర్మన్ యుద్ధనౌక మన మద్రాసు మీద గుండ్లు పేల్చింది కదా! ఆ బాకీ కింద ఒక ముక్క తెచ్చేసుకో అన్నా. పైగా అదే పేరున్న రెండో ఎమ్డెన్ కూడా స్కాపాలోనే ఉండేది.

పెరంబూరు మావయ్య:
అది మునగనే లేదురా, ఒడ్డుకు చేర్చారు. బాకీ సంగతికి హైకోర్టు గోడ దగ్గర ఫలకం ఉంది, వెళ్లి చూసుకో.

బెసెంట్‌నగర్ వాసి:
అక్కా, ఆ ముక్క అంచున నీలం గీత ఉంది. ఫోటో తీశాగానీ చలికి చెయ్యి వణికి మసగ్గా వచ్చింది. రాత్రికి పెడతా, కప్పుదో పళ్లెందో చెప్పండి.