ద్రాక్షతోటల కొండ మీద బస్సుల కార్ఖానాలు ఎలా వెలిశాయి?

ప్రశ్న

బ్రెజిల్ దక్షిణ కొసన, రియో గ్రాండే దో సుల్ రాష్ట్రంలోని కషియస్ దో సుల్ నగరం గురించి చదువుతున్నాను. 2022 జనగణన ప్రకారం జనాభా 4,63,501. ఆ రాష్ట్రంలో రాజధాని పోర్టో అలెగ్రే తరువాత ఇదే పెద్దది. 1875 నుంచి ఇటలీ రైతులు వలస వచ్చి ద్రాక్ష పండించిన కొండసీమ అని ప్రతి వ్యాసమూ మొదలుపెడుతుంది. రెండో పేరాకు వచ్చేసరికి మార్కోపోలో బస్సులు, రాండన్ ట్రైలర్లు అంటుంది. దగ్గరలో ఇనుప ఖనిజం లేదు, రేవు లేదు. ఈ రెండు పేరాలకూ మధ్య ఏం జరిగిందో తెలిసినవారు వివరించగలరా?

మొదటి సమాధానం

ఆ రెండింటికీ మధ్య ఉన్నది రేకుపని. వలస వచ్చినవారికి ప్రభుత్వం అడవిని ముక్కలుగా కొలిచి వాయిదాల మీద అమ్మింది. గొడ్డలి, పార, పీపాకు ఇనుపకట్టు, ఇంట్లో వెలిగించుకోవడానికి కిరోసిన్ బుడ్డి, ఇవేవీ కొండ కింది నుంచి తేలికగా వచ్చేవి కావు కనుక, కమ్మరికీ రేకుపనివాడికీ ఏడాది పొడుగునా చేతినిండా పని ఉండేది. అటువంటి ఒక దుకాణాన్ని నడిపిన లుయీజా ఎబెర్లేను ఊరివాళ్ళు 'జీజా బందేరా' అని పిలిచేవారు. మనం 'రేకుల జీజా' అన్నట్టే. ఆమె కొడుకు అబ్రామో 1896లో, పదహారేళ్ళ వయసులో, ఆ దుకాణాన్ని చేతిలోకి తీసుకున్నాడు. బుడ్డిదీపాలతో మొదలైన పని కత్తులకు, గుర్రపు రౌతుల సామగ్రికి, చర్చి పాత్రలకు, చివరికి ఎలక్ట్రిక్ మోటార్లకు విస్తరించింది. 1910 జూన్ 1న తొలి రైలు కొండెక్కింది. ఆ రోజే ఊరికి నగర హోదా కూడా దక్కింది. అప్పటి నుంచి ఇనుము పైకి రావడమూ సరుకు కిందికి పోవడమూ సులువయ్యాయి.

బస్సుల సంగతి 1949 నాటిది. అప్పట్లో నికోలా పేరుతో మొదలైన సంస్థ, కొన్న ఛాసిస్ (చక్రాలు, ఇంజిన్ ఉన్న చట్రం) మీద చెక్కతో బాడీ కట్టేది. ఒక్కొక్క దానికి మూడు నెలల దాకా పట్టేదంటారు. బాడీ కట్టడానికి గని అక్కరలేదు. వడ్రంగి, కమ్మరి, రేకు వంచగల మనిషి ఉంటే చాలు, వాళ్ళు ఆ ఊళ్ళో అప్పటికే రెండు తరాలుగా ఉన్నారు. 1968లో వచ్చిన ఒక మోడల్‌కు 'మార్కోపోలో' అని పేరు పెట్టారు. అది ఎంతగా నిలిచిందంటే, 1971లో సంస్థ పేరే అదయింది. రాండన్ సోదరులు కూడా 1949లోనే ఇంజిన్ల మరమ్మతు షెడ్డుతో మొదలై, ట్రైలర్లకు ఎయిర్ బ్రేకులు చేసి, ఆ తరువాత ట్రైలర్లే కట్టారు. ఘాటు రోడ్డున్న ఊళ్ళో బ్రేకుల గిరాకీ ఎవరూ చెప్పకుండానే తెలుస్తుంది.

రెండవ సమాధానం

పై వివరణతో చాలావరకు ఏకీభవిస్తాను గాని, 'రెండు తరాల పనివాళ్ళు' అన్న మాటతో కథ పూర్తి కాదు. ఆ నేల ఖాళీగా లేదు. ఊరి పాత పేరు 'కాంపో దోస్ బూగ్రెస్'. 'బూగ్రె' అన్నది అక్కడి ఆదివాసులను, అంటే కైంగాంగ్ ప్రజలను, చులకనగా పిలిచిన మాట. వలసదారుల శ్రమను పొగిడే వ్యాసాలు ఈ పేరును ఒక వింత విశేషంగా చెప్పి దాటిపోతాయి. అలాగే నేటి వర్క్‌షాపుల్లో, కార్ఖానాల్లో పనిచేసేవారందరూ ఇటలీ సంతతివారు కారు. చుట్టుపక్కల పశువుల మైదానాల నుంచి వచ్చినవారు, 2010 తరువాత హైతీ, సెనెగల్ దేశాల నుంచి వచ్చినవారు ఎందరో ఉన్నారు.

ఊరి ముఖం ద్రాక్షగా మిగలడానికి 1931లో మొదలైన ద్రాక్ష పండుగ ఒక కారణం. 1972 ఫిబ్రవరి 19న బ్రెజిల్‌లో తొలి కలర్ టీవీ ప్రసారంగా చూపించినది ఆ పండుగ ఊరేగింపునే. దేశం ఆ ఊరిని మొదటిసారి రంగుల్లో చూసినప్పుడు కనిపించినవి పూలబళ్ళు, ద్రాక్షగుత్తులు. వెల్డింగ్ షెడ్లు కావు. మీకు కలిగిన సందేహం చాలామంది బ్రెజిల్‌వాసులకూ కలుగుతుందని అనుకుంటాను.

ప్రశ్న అడిగినవారు

ఇద్దరికీ కృతజ్ఞతలు. ఒకే రకం పరిశ్రమ మీద ఇంతగా ఆధారపడడం ఆ ఊరికి ఇబ్బంది కాలేదా?

మూడవ సమాధానం

అయింది. బస్సు, లారీ, ట్రైలర్ మూడూ అప్పు మీద కొనే వస్తువులు. వడ్డీ పెరిగినా సరుకు రవాణా తగ్గినా ముందుగా ఆగిపోయేవి ఆ ఆర్డర్లే. 2015, 2016 మాంద్యంలో కషియస్ వేల ఉద్యోగాలు పోగొట్టుకుంది. పెద్ద సంస్థలకు విడిభాగాలు చేసే చిన్న వర్క్‌షాపులు వాటి వెంటే కుంగాయి, ఎందుకంటే వాటికి వేరే కొనుగోలుదారు లేడు. ఎబెర్లే వారి పాత ఎర్ర ఇటుకల కార్ఖానా మాత్రం, 'మాయెజా' అన్న పేరుతో, ఊరి నడుమ ఇంకా నిలబడి ఉంది. 2014లో రాష్ట్రం దానిని నగరానికి ఇచ్చివేసింది. అంత పెద్ద కట్టడాన్ని ఏ పనికి వాడుకోవాలన్న చర్చ అక్కడ ఏళ్ళ తరబడి నడిచింది.